పాపం ఎవరిది? పండిత రమాబాయిని జీవితాంతం వెంటాడిన ప్రశ్న

1883లో పండిత రమాబాయి ఇంగ్లండ్‌లో ఉన్నారు. వాంటేజ్ పట్టణంలోని ఆంగ్లికన్ సన్యాసినుల దగ్గర ఆమె అతిథి. వయసు పాతికేళ్లు. అప్పటికే వితంతువు, రెండేళ్ల పాప తల్లి. ఒకసారి ఆ సన్యాసినులు ఆమెను లండన్‌లోని ఫుల్హామ్‌లో తాము చేస్తున్న పని చూడ్డానికి తీసుకెళ్లారు.

అది చెడిపోయినవాళ్లని లోకం ముద్ర వేసి వెలివేసిన స్త్రీలకు ఆశ్రయం ఇచ్చే చోటు. ఒకప్పుడు ఆశ్రయం కోరి వచ్చిన కొందరు ఇప్పుడు రోగులకు, నిస్సహాయులకు సేవ చేస్తున్నారు. ఇలాంటి స్త్రీల కోసం ఎవరైనా ఏమైనా చేయొచ్చన్న ఆలోచనే తనకు అంతవరకు రాలేదని రమాబాయి తర్వాత రాసుకున్నారు. తాను చదివిన ధర్మశాస్త్రాల్లో వాళ్లకు ఉన్నది శిక్షే. పునరావాసం అన్న మాట వాటిలో ఆమెకు ఎక్కడా కనిపించలేదు.

వీళ్లను మీరెందుకు ఇలా చూసుకుంటున్నారని ఆమె ఒక సన్యాసినిని అడిగారు. జవాబుగా ఆ సన్యాసిని యోహాను సువార్త నాలుగో అధ్యాయం చదివి వినిపించారు. అది సమరయ స్త్రీ కథ. బావి దగ్గర యేసు ఆమెను నీళ్లు అడుగుతాడు. ఆమెకు అప్పటికే ఐదుగురు భర్తలు. ప్రస్తుతం కలిసి ఉంటున్న మనిషి భర్త కాదు. ఆ సంగతి తెలిసే ఆయన ఆమెతో మాట్లాడతాడు. నిజమైన ఆరాధన ఏ కొండకూ, ఏ నగరానికీ కట్టుబడి ఉండదన్న పెద్ద మాట చెప్పడానికి ఆమెనే ఎంచుకుంటాడు.

రమాబాయి క్రైస్తవం వైపు తిరిగింది ఇక్కడేనని ఆమె సొంత రాతలే చెబుతున్నాయి. ఒక మతం నిజమైనదా కాదా అని తేల్చుకోవడానికి ఆమె ఎంచుకున్న గీటురాయి ఇదే: లైంగిక పాపం అంటగట్టి లోకం వదిలేసిన స్త్రీతో ఆ మతం ఎలా నడుచుకుంటుంది? ఇదే గీటురాయి మీద ఆమె తర్వాత చర్చినీ, బ్రిటిష్ పాలననూ, చివరికి తన విశ్వాసాన్నీ పరీక్షించారు.

తిరుపతి అడవిలో పదకొండు రోజులు

ఈ ప్రశ్న ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఆమె బాల్యంలోకి వెళ్లాలి.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగామూలలో పుట్టారు. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణ పండితుడు. ఆయన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పారు. ఆడవాళ్లకు దేవభాష నేర్పడమేమిటని పండితులు నిలదీశారు. ఆయన శాస్త్ర ప్రమాణాలు చూపి వాదించారే తప్ప వెనక్కి తగ్గలేదు. అడవి మధ్య ఇల్లు కట్టుకుని అక్కడే చదువు చెప్పారు. తర్వాత రమాబాయికి సంస్కృతం నేర్పింది ఆ తల్లే.

ఆస్తి కరిగిపోయాక కుటుంబం తీర్థయాత్రలకు బయల్దేరింది. గుళ్లలో, నదుల ఒడ్డున పురాణాలు చదివి, భక్తులు ఇచ్చినదానితో బతికేవారు. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీలో కరవు రోజులు వచ్చాయి. ఉన్నదంతా బ్రాహ్మణులకు దానం చేస్తే దేవుడు కరుణిస్తాడని నమ్మి వాళ్లు చాలావరకు దానమే చేశారు. చివరి గింజ కూడా అయిపోయే వేళకు తిరుపతిలో ఉన్నారు.

అయినవాళ్ల ముందు చేయి చాపడం కన్నా చావడం మేలనుకుని ఒక రాత్రి అందరూ కొండ అడవిలోకి వెళ్లిపోయారు. పదకొండు రోజులు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈత పళ్లతో గడిపారు. పవిత్ర కోనేటిలో మునిగి ప్రాణం వదులుతానని తండ్రి సిద్ధమయ్యారు. అప్పుడు కొడుకు శ్రీనివాస్, కులగౌరవం పక్కన పెట్టి కూలి పని చేసైనా అందర్నీ పోషిస్తానన్నారు. అడవి నుంచి బయటపడ్డా ఆ ఆకలి దెబ్బ నుంచి కుటుంబం కోలుకోలేదు. మొదట తండ్రి, తర్వాత తల్లి, అక్క ఒకరి వెంట ఒకరు చనిపోయారు.

మిగిలిన అన్నాచెల్లెళ్లు దేశమంతా కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ల యువతి సంస్కృతంలో అనర్గళంగా మాట్లాడటం చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపోయారు. పండిత, సరస్వతి అనే బిరుదులు ఇచ్చారు. స్త్రీల ధర్మాల గురించి ఉపన్యాసాలు ఇవ్వమని కోరారు.

ఆ ఉపన్యాసాల కోసమే ఆమె ధర్మశాస్త్రాలను వరసపెట్టి చదివారు. చాలా విషయాల్లో ఒకదానితో ఒకటి విభేదించే ఆ గ్రంథాలు ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నాయని ఆమెకు తోచింది. స్త్రీ స్వభావతః చెడ్డది, భర్తసేవ తప్ప ఆమెకు మోక్షమార్గం లేదు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ వేదం చదవమని పుస్తకం చేతికిచ్చినప్పుడు, ఆడవాళ్లు చదవకూడదు కదా అని మొదట ఆమే వెనకాడారు. చదివే కొద్దీ నమ్మకం సడలింది.

వితంతువు మీద పడే అనుమానం

1880లో అన్న చనిపోయారు. అదే ఏడాది బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ దాస్ మేధావిని రమాబాయి పెళ్లాడారు. ఆయన శూద్ర కులస్థుడు. మంత్రాలు, పురోహితుడు లేకుండా సివిల్ చట్టం కింద జరిగిన పెళ్లి అది. 1881 ఏప్రిల్‌లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో చనిపోయారు.

ఇరవై మూడేళ్లకే ఆమె వితంతువు. ఆ మాటకు ఆనాటి అగ్రకుల సమాజంలో ఉన్న అర్థాన్ని తర్వాత తన పుస్తకంలో వివరంగా రాశారు. భర్త చావుకు కారణం భార్య పూర్వజన్మ పాపమే. అందుకే ఆమెకు గుండు కొట్టించాలి, ఒంటిపూట భోజనం పెట్టాలి, శుభకార్యాలకు దూరంగా ఉంచాలి. పైగా వయసులో ఉన్న వితంతువు ఎప్పుడు తప్పటడుగు వేస్తుందోనన్న నిఘా. తీరా ఆమెను లోబరుచుకునేది చాలాసార్లు ఆ ఇంటి మగవాళ్లో, చుట్టాలో. గర్భం వస్తే వీధిన పడేది మాత్రం ఆమె ఒక్కతే. పాపంలో ఇద్దరున్నా శిక్ష ఒక్కరికే.

రమాబాయి పుణె వచ్చి 1882లో ఆర్య మహిళా సమాజం స్థాపించారు. విద్యపై వేసిన హంటర్ కమిషన్ ముందు సాక్ష్యమిస్తూ, మహిళా ఉపాధ్యాయులు, మహిళా వైద్యులు కావాలని గట్టిగా అడిగారు. మరుసటి ఏడాది వైద్యం చదవాలనే కోరికతో ఇంగ్లండ్ వెళ్లారు. వినికిడి తగ్గుతుండటంతో ఆ చదువు కుదరలేదు.

ఆమె వెళ్లిన ఇంగ్లండ్‌లోనూ ఈ విషయంలో న్యాయం సగమే. సైనికులకు సుఖరోగాలు రాకుండా చూసే పేరుతో 1860లలో వచ్చిన చట్టాలు, వేశ్యలన్న అనుమానంతో స్త్రీలను పట్టుకుని బలవంతంగా వైద్య పరీక్షలు చేయడానికి పోలీసులకు అధికారమిచ్చాయి. వాళ్ల దగ్గరికి వెళ్లిన మగవాళ్లకు పరీక్షలు లేవు. క్రైస్తవ విశ్వాసంతోనే జోసఫిన్ బట్లర్ ఈ చట్టాల మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1886లో అవి రద్దయ్యాయి. భారత్‌లో 1868లో తెచ్చిన ఇలాంటి చట్టం 1888 దాకా ఉంది.

సువార్తల్లో లైంగిక పాపం గురించిన బోధ మెత్తనిదేమీ కాదు. పరస్త్రీని కామంతో చూడటమే వ్యభిచారమని యేసు కొండమీది ప్రసంగంలో అంటాడు. అంటే తీర్పు ముందు మగవాడి చూపు మీద, మనసు మీద పడుతుంది. మరోవైపు, వ్యభిచారంలో పట్టుబడిందని లాక్కొచ్చిన స్త్రీని రాళ్లతో కొట్టే అర్హత పాపం లేనివారికే ఉందని తేల్చి, ఇక పాపం చేయవద్దని చెప్పి ఆమెను పంపిస్తాడు. పాపాన్ని పాపమనే అంటాడు, పాపిని మాత్రం వదిలేయడు. రమాబాయిని ఆకట్టుకున్నది ఈ రెండూ కలిసి ఉండటమే.

బాప్తిస్మం తర్వాత మొదలైన గొడవ

బాప్తిస్మానికి ముందు రోజులు ప్రశాంతంగా గడవలేదు. ఆమెతోపాటు ఇంగ్లండ్ వచ్చిన స్నేహితురాలు ఆనందీబాయి భగత్ అక్కడే విషం తాగి చనిపోయారు. ఆ విషాదం జరిగిన కొద్దికాలానికే, 1883 సెప్టెంబర్ 29న, రమాబాయి మనోరమతో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు.

స్వదేశంలో దీన్ని ద్రోహంగా చూసినవాళ్లు ఎక్కువ. అండగా నిలిచిన కొద్దిమందిలో జ్యోతిరావు ఫూలే ఒకరు.

అటు చర్చికీ ఆమె లొంగలేదు. త్రిత్వం గురించి, యేసు కన్య గర్భాన పుట్టడం గురించి ఆమెకు సందేహాలు ఉండేవి. వాటిని దాచలేదు. తన ఆధ్యాత్మిక తల్లిగా భావించే సిస్టర్ జెరాల్డీన్‌తో ఈ విషయాలపై సాగిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. మెడలో వేసుకునే శిలువ మీద లాటిన్ మాటలెందుకు, సంస్కృతం ఉండకూడదా అని అడిగారు. చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో ఉన్నప్పుడు ఆమె మగ విద్యార్థులకు పాఠం చెప్పే ప్రతిపాదన వచ్చింది. అలా చేస్తే భారత్‌లో ఆమె పరువు పోతుందని బిషప్పులు అడ్డుపడ్డారు. తన దేశంలో తాను స్త్రీపురుషులున్న సభల్లోనే మాట్లాడానని ఆమె గుర్తుచేశారు. పురోహితుల కాడి దించుకుని వచ్చింది మరో కాడి ఎత్తుకోవడానికి కాదని స్పష్టంగా రాశారు.

లోపల నమ్మకుండా పైకి ఒప్పుకోవడం ఆమె దృష్టిలో విశ్వాసం కాదు. జెరాల్డీన్‌కు అది అహంకారంగా కనిపించింది.

పుస్తకం, పాఠశాల, ప్రతిజ్ఞ

1886లో రమాబాయి అమెరికా వెళ్లారు. ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి జోషీ వైద్య పట్టా అందుకునే సభకు హాజరయ్యారు. 1887లో 'ది హై-కాస్ట్ హిందూ ఉమన్' పుస్తకం వచ్చింది. బాల్యంలో చేసిన పెళ్లిని కాదన్నందుకు కోర్టుకెక్కాల్సి వచ్చిన రఖ్మాబాయి కేసును అందులో ప్రస్తావించారు. ఇష్టం లేని కాపురానికి వెళ్లాలని, లేదంటే జైలుకు పంపుతామని బ్రిటిష్ న్యాయస్థానమే చెప్పడం ఆమెను కలచివేసింది. బోస్టన్‌లో ఏర్పడిన రమాబాయి అసోసియేషన్ పదేళ్లపాటు డబ్బు సాయం చేస్తానంది.

ఆ సాయంతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ మొదలైంది. అగ్రకుల వితంతువుల కోసం పెట్టిన పాఠశాల అది. మత ప్రచారం చేయబోమని ముందే మాట ఇచ్చారు. రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా సంఘంలో చేరారు. తొలి విద్యార్థినుల్లో ఒకరైన గోదూబాయి తర్వాత ధోండో కేశవ్ కర్వేను పునర్వివాహం చేసుకున్నారు. 1890లో సదన్ పుణెకు మారింది.

మతం దొరికింది, క్రీస్తు దొరకలేదు

పుణెలో ఉండగా, 1891 ప్రాంతంలో, ఆమె లోపల మరో మలుపు వచ్చింది. విలియం హాస్లం అనే ఆంగ్లికన్ పాస్టర్ ఆత్మకథ చదివారు. ఏళ్ల తరబడి బోధించాక తనకు అసలు మారుమనస్సు కలగలేదని గ్రహించిన మనిషి కథ అది. రమాబాయి తనను తాను అదే ప్రశ్న వేసుకున్నారు. తాను బుద్ధితో ఒక మతాన్ని అంగీకరించింది, దాని పనులు మెచ్చింది. క్రీస్తు క్షమను తనకోసం అందుకోలేదు. బాప్తిస్మమైన ఎనిమిదేళ్లకు ఆమె ఈ నిర్ణయానికి వచ్చారు.

ఫుల్హామ్‌లో ఆమె ఇతర స్త్రీలకు కావలసిన కరుణను చూశారు. ఇప్పుడు తానూ ఆ కరుణ కావలసిన మనిషినేనని ఒప్పుకున్నారు. పాపులను ఉద్ధరించే పుణ్యాత్మురాలిగా పైన నిలబడే అవకాశం దీంతో పోయింది. ఆమె దృష్టిలో ఆ స్త్రీలకూ తనకూ మధ్య ఉన్న గోడ కూలింది.

దీనికి మరో పర్యవసానం ఉంది. ఆమె తన గదిలో తలుపు తెరిచి ప్రార్థన చేసుకునేవారు. కొందరు బాలికలు వచ్చి కూర్చునేవారు. తాను ఎవరినీ పిలవలేదని, వచ్చినవాళ్లను తరిమేయనని ఆమె వాదన. ఇచ్చిన మాట తప్పారని తిలక్ కేసరి పత్రిక దుయ్యబట్టింది. 1893లో రానడే, భండార్కర్ తప్పుకున్నారు. చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. ఆమెను అభిమానించేవారు కూడా ఈ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేరు. ఆమె మీదే ఆధారపడి బతికే పిల్లలకు ఆమె తెరిచిన తలుపు మౌనమైన పిలుపుగా తోచి ఉండొచ్చు.

కరవులో అమ్ముడైన ఆడపిల్లలు

బిచ్చగత్తె వేషంలో ఆమె బృందావనం వెళ్లి అక్కడి వితంతువుల స్థితి చూశారు. పుణ్యక్షేత్రానికని నమ్మించి తెచ్చిన స్త్రీలు పూజారుల చేతుల్లో పడి పాడవడం గురించి రాశారు. 1896-97 కరవులో మధ్య పరగణాలకు వెళ్లారు. సర్కారు అన్నసత్రాల్లో ఆడపిల్లలకు తిండి దొరికినా రక్షణ లేదని, కాపలాదారులే వేటగాళ్లవుతున్నారని, పిల్లల్ని కొని వ్యభిచారంలోకి దించే దళారులు చుట్టూ తిరుగుతున్నారని చూశారు. తిరుపతి అడవిలో ఆకలి తెలిసిన ఆమెకు ఆ పిల్లలు పరాయివాళ్లుగా కనిపించలేదు. దాదాపు 300 మందిని వెంటబెట్టుకొచ్చి పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ఆశ్రయమిచ్చారు. అదే ముక్తి ఆశ్రమం.

1897లో పుణెలో ప్లేగు వచ్చింది. ప్లేగు ఆస్పత్రికి పంపిన తన ఆశ్రమ బాలిక ఒకరికి అక్కడ రక్షణ లేకుండా పోయిందని ఆమె బొంబాయి గార్డియన్ పత్రికకు లేఖ రాశారు. బొంబాయి ప్రభుత్వం ఆ ఆరోపణను తోసిపుచ్చింది. క్రైస్తవురాలు కాబట్టి క్రైస్తవ పాలకులను వెనకేసుకొస్తారని ఆశించినవాళ్లకు ఆ లేఖే సమాధానం.

1900 నాటి గుజరాత్ కరవు తర్వాత ముక్తిలో దాదాపు రెండు వేలమంది ఉండేవారు. వ్యవసాయం, నేత, వంట, అచ్చుపని అన్నీ స్త్రీలే చేసేవారు. అంధుల కోసం బర్తిమయి సదన్, ముసలివారికి ప్రీతి సదన్ ఉండేవి. లైంగిక దోపిడీకి గురైనవారికి, చెడిపోయిన ముద్ర పడినవారికి కృపా సదన్ కట్టారు. ఫుల్హామ్‌లో చూసిన పనికి ఇది భారతీయ రూపం. పేరులోనూ శిక్ష లేదు, కృప ఉంది.

దానికీ పరిమితులున్నాయి. అక్కడివారిని మిగతా బాలికలకు దూరంగా ఉంచారు. రోజంతా కఠిన నియమాల మధ్య గడిచేది. విక్టోరియా కాలపు ఆశ్రయ గృహాల గోడలు కొన్ని ఇక్కడికీ వచ్చాయి. కరవు నుంచి బతికి బయటపడి, అన్నం పెట్టిన చేతి మతాన్నే తీసుకున్న పిల్లల విశ్వాసం ఎంత స్వేచ్ఛగా వచ్చిందన్నదీ న్యాయమైన ప్రశ్నే. నిజమైన విశ్వాసం లోపలి నుంచి రావాలని బిషప్పులతో పోట్లాడిన మనిషి ఆశ్రమం కాబట్టి ఈ ప్రశ్న మరింత గుచ్చుకుంటుంది.

1905లో ముక్తిలో ఉజ్జీవం వచ్చింది. వందల మంది బాలికలు ఏడుస్తూ బహిరంగంగా తమ పాపాలు ఒప్పుకున్నారు. అదంతా ఆవేశమని పాశ్చాత్య క్రైస్తవుల్లోనే కొందరు పెదవి విరిచారు. భారతీయులు తమ పద్ధతిలో తాము ప్రార్థిస్తారని రమాబాయి వారిని సమర్థించారు.

ఊరి మరాఠీలో బైబిల్

చివరి రెండు దశాబ్దాలు ఆమె ఎక్కువగా ఒకే పనికి ఇచ్చారు. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మరాఠీలోకి అనువదించారు. అప్పటికే మరాఠీ బైబిల్ ఉంది. దాని సంస్కృత పదాలు చదువులేని పల్లె స్త్రీలకు అర్థం కావని ఆమె అభ్యంతరం. సంస్కృత పాండిత్యంతో పేరు తెచ్చుకున్న మనిషి ఏరి ఏరి సంస్కృత పదాలు తీసేశారు.

1921 జులైలో, ఆశ్రమాన్ని నడిపిస్తుందనుకున్న మనోరమ చనిపోయింది. తొమ్మిది నెలల తర్వాత, 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూశారు. అప్పటికి అనువాదం పూర్తయింది. పూర్తి గ్రంథం 1924లో వెలువడింది. ఆమె పెట్టిన ఆశ్రమం కేడ్‌గావ్‌లో నేటికీ నడుస్తోంది.

స్త్రీపై అత్యాచారం జరిగితే ఆమె ఆ వేళ బయటికెందుకు వెళ్లిందని అడిగే అలవాటు మనకు ఇంకా పోలేదు. గుడి, మసీదు, చర్చి అన్న తేడా లేకుండా, మతపెద్దలపై ఆరోపణ వస్తే మొదట అనుమానం పడేది ఫిర్యాదు చేసిన స్త్రీ మీదే. రమాబాయి మతమార్పిడితో ఏకీభవించనివారు కూడా ఆమె గీటురాయిని తీసుకుని తమ తమ ఇళ్లలో, గుళ్లలో, చర్చిల్లో గీసి చూసుకోవచ్చు.

ఆమె బైబిల్‌ను ముక్తి ఆశ్రమం అచ్చుయంత్రం మీదే ముద్రించారు. అక్షరాలు పేర్చింది, కాగితాలు మడిచింది, కుట్టింది అక్కడి స్త్రీలే. కరవులో కొందరు, వైధవ్యంలో కొందరు ఇల్లు పోగొట్టుకున్నవారు. ఫుల్హామ్‌లో ఒక సన్యాసిని చదవగా విన్న సమరయ స్త్రీ కథను రమాబాయి వారి ఊరి మాటల్లోకి తెచ్చారు.